పేరు తెలియక ముందే: గజపతి జిల్లాలోని ఒక చిన్న ప్రయోగశాలలో మెలియాయిడోసిస్ కేసు

ఆంధ్ర సరిహద్దున, ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రి ప్రయోగశాలకు నేను మైక్రోబయాలజిస్టుగా బాధ్యత వహిస్తున్న కాలంలో జరిగిన సంఘటన ఇది. మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బాక్టీరియాను, అదేమిటో తెలియకుండానే మా బెంచి మీద పెంచాం. రోగిని గుర్తుపట్టగల వివరాలు మార్చాను. ప్రయోగశాలలో జరిగినదాన్ని మాత్రం, మా తప్పులతో సహా, జరిగినట్టే రాస్తున్నాను. సిబ్బందిలో ఎవరికీ జబ్బు చేయలేదు కాబట్టి ఇది రాయదగిన కేసు కాదని మొదట అనుకున్నాను. కానీ రిజిస్టర్లు తిరగేస్తున్నకొద్దీ, జబ్బు చేయకపోవడంలో మా జాగ్రత్త పాలు తక్కువ, అదృష్టం పాలు ఎక్కువ అని తేలింది.

రోగి

ఆగస్టు చివరి వారం, ఉభాలు (వరి నాట్లు) ముగుస్తున్న రోజులు. వంశధార వారన కాశీనగరం వైపు నుంచి 52 ఏళ్ల రైతు ఒకరు పన్నెండు రోజుల జ్వరంతో వార్డులో చేరారు. ఆయనకు ఎనిమిదేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. మాత్రలు ఒక నెల వేసుకుంటే రెండు నెలలు మానేసేవారు. ఊళ్లో ఆర్.ఎం.పి. వైద్యుడు వైడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అన్నారు, ఐదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు, జ్వరం కదలలేదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పై భాగాన మచ్చ కనిపించడంతో క్షయ అనుమానంతో కళ్లె పరీక్ష చేయించారు. అది నెగటివ్ వచ్చింది. అల్ట్రాసౌండులో ప్లీహంలో మూడు చిన్న చీముగడ్డలు కనిపించాయి. దమ్ము పట్టిన మడిలో మోకాలి లోతు బురదలో వారం రోజులు పనిచేశాననీ, అరికాలి పగుళ్లు అప్పుడే చీము పట్టాయనీ ఆయన తెలుగులో చెప్పిన మాట వార్డులో ఒడియా మాత్రమే తెలిసిన నర్సుకు సగమే అర్థమైంది; కేసు షీటులోకి అసలు ఎక్కలేదు. రక్తంలోని క్రిములను పెంచి చూసే బ్లడ్ కల్చర్ సీసాతో పాటు మాకు అందిన ఫారంలో రోగి వివరాల గడిలో ఉన్నది ఒకే మాట: ఫీవర్.

చక్కెర వ్యాధి, వాన కాలం, వరి మడి, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని జ్వరం, ఊపిరితిత్తిలో మచ్చ, ప్లీహంలో చీము. ఈ ఆరూ ఒకే కాగితం మీద ఉండి ఉంటే మెలియాయిడోసిస్ అన్న అనుమానం వైద్య విద్యార్థికి కూడా కలుగుతుంది. మట్టిలోనూ నీళ్లలోనూ బతికే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బాక్టీరియా దీనికి కారణం. 1912లో రంగూన్‌లో విట్మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు దీన్ని తొలిసారి వర్ణించారు. మా ప్రాంతపు ముసలివాళ్లు రంగూన్‌ను ఇప్పటికీ రంగం అనే అంటారు. గోపాలపురం రేవులో ఓడ ఎక్కి కూలికి రంగం వెళ్లిన తాతలు లేని కుటుంబం ఇక్కడ అరుదు. రంగంలో తొలిసారి గుర్తించిన జబ్బు మన మడి గట్టు మీదే ఉంటుందని మాకు తట్టకపోవడానికి కారణం అది లేకపోవడం కాదు, మేము వెతకకపోవడం. ఒడిశాలోని పెద్ద ఆసుపత్రుల నుంచి ఈ కేసులు కొన్నేళ్లుగా నమోదవుతూనే ఉన్నాయి.

బెంచి మీద మూడు రోజులు

ఆ వారం నేను సెలవులో ఉన్నాను. ప్రయోగశాలలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న సీనియర్ టెక్నీషియన్, డి.ఎం.ఎల్.టి. (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదువుతూ శిక్షణకు వచ్చిన అమ్మాయి, అటెండర్‌గా పనిచేసే సవర ఆదివాసీ మహిళ ఉన్నారు. మాకు యాంత్రిక కల్చర్ వ్యవస్థ లేదు. సీసాలను ఇన్‌క్యుబేటర్‌లో ఉంచి, కలకబారిందో లేదో కంటితోనే చూస్తాం. రెండో రోజు సీసా కలకబారింది. బాక్టీరియాకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసే గ్రామ్ స్టెయిన్‌లో ఎర్రని కడ్డీలు కనిపించాయి. రెండు కొనలూ గాఢంగా, మధ్య పాలిపోయి, పిన్నీసు ఆకారంలో ఉన్నాయని అమ్మాయి తన నోటుబుక్కులో బొమ్మ గీసుకుంది. రిజిస్టరులో మాత్రం 'గ్రామ్ నెగటివ్ బాసిల్లై' (ఎర్ర రంగు పట్టే కడ్డీలు) అని మాత్రమే రాశారు. ఆ బొమ్మను నేను తర్వాత చూశాను. ఆ రెండు రోజుల్లో ఈ కేసు గురించి ప్రయోగశాలలో ఉన్న అత్యుత్తమ ఆధారం అదే.

మూడో రోజు బ్లడ్ అగార్ (రక్తం కలిపిన పెంపక మాధ్యమం) మీద మీగడ రంగు చిన్న కాలనీలు వచ్చాయి. ఆక్సిడేజ్ అనే ఎంజైము పరీక్ష పాజిటివ్. సూడోమోనాస్ అనే మరో బాక్టీరియా అయి ఉంటుందని టెక్నీషియన్ అనుకున్నారు. నిర్ధారించుకోవడానికి, తమ గురువులు నేర్పిన పద్ధతిలోనే, ప్లేటు మూత తీసి వాసన చూశారు. సూడోమోనాస్ ఏరుజినోసాకు మగ్గిన ద్రాక్ష వాసన ఉంటుంది. ఇది ద్రాక్ష వాసన కాదు, తడి మట్టి వాసన. "నువ్వూ చూడమ్మా, తేడా తెలుస్తుంది" అని శిక్షణార్థికి కూడా ఇచ్చారు. ఆ మాటలో దురుద్దేశం లేదు, నేర్పాలన్న ఆపేక్షే ఉంది. మా తరం మైక్రోబయాలజీ పాఠాల్లో వాసన ఒక లక్షణంగా రాసి ఉండేది; నేనూ ప్లేట్లు వాసన చూసినదాన్నే. ఏ క్రిమో తెలియక ముందు ముక్కు దగ్గరకు తీసుకోవడం ఎలాంటి పనో ఆ వాసన రాసిన పుస్తకాలు చెప్పలేదు.

తర్వాత యాంటీబయాటిక్ పరీక్ష కోసం కాలనీలను ఉప్పునీటిలో కలిపి, గొట్టానికి దూదిబిరడా పెట్టి, బల్ల మీదే, గొట్టాన్ని వేగంగా కుదిపి కలిపే వోర్టెక్స్ యంత్రంలో తిప్పారు. యంత్రం ఆగీ ఆగకముందే బిరడా తీశారు. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. ప్లేటు మీద ఈ బాక్టీరియా కదలకుండా కూర్చుంటుంది. గొట్టంలో తిప్పి వెంటనే మూత తీసినప్పుడు కంటికి కనిపించని తుంపరగా గాలిలోకి లేస్తుంది. ఈ కేసులో అసలు ప్రమాదకరమైన పని వాసన చూడడం కాదు, ఇదే. కానీ తర్వాత ఎవరిని అడిగినా వాసన సంగతే భయంగా చెప్పారు. వోర్టెక్స్ సంగతి నేను అడిగితే తప్ప ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అది రోజూ చేసే పని.

నాలుగో రోజు నేను వచ్చేసరికి యాంటీబయాటిక్ డిస్కుల ప్లేటు బల్ల మీద ఉంది. మందు పనిచేస్తే దాని డిస్కు చుట్టూ క్రిమి పెరగని వలయం, అంటే జోన్, ఏర్పడుతుంది. జెంటామైసిన్ చుట్టూ జోన్ లేదు. కొలిస్టిన్ చుట్టూ లేదు. కో-అమాక్సిక్లావ్ చుట్టూ మాత్రం పెద్ద జోన్ ఉంది. సాధారణ సూడోమోనాస్ ఏరుజినోసాకు ఇది సరిగ్గా తలకిందులు. దానికి కో-అమాక్సిక్లావ్ పనిచేయదు, కొలిస్టిన్ పనిచేస్తుంది. మోతాదు నిర్ణయించడానికి కొలిస్టిన్ డిస్కు నమ్మదగినది కాదు గాని, అనుమానం పుట్టించడానికి చాలు. మలేషియాలోని సరవాక్ ప్రాంతంలో జెంటామైసిన్‌కు లొంగే రకాలు కూడా ఉన్నందున ఈ మూడు గుర్తులను అచ్చుపోసిన సూత్రంగా పట్టుకోకూడదు. మూత తీయకుండానే పాత ప్లేటును వెలుతురుకు పెట్టి చూశాను. కాలనీలు ఎండిన తామరాకులా ముడతలు పడటం మొదలుపెట్టాయి. ప్లేట్లన్నింటికీ చుట్టూ టేపు వేయించి, ఫ్యాను ఆపించి, వార్డు వైద్యునికి ఫోను చేశాను. బురద, పగుళ్లు, ప్లీహంలో చీము గురించి మొదటిసారి నాకు తెలిసింది ఆ ఫోనులోనే.

ఆ సాయంత్రమే రోగికి సెఫ్టాజిడైమ్ మొదలైంది. రెండు వారాలకు పైగా నరం ద్వారా, తర్వాత మూడు నెలలు కో-ట్రైమోక్సజోల్ మాత్రలు ఇచ్చారు. ఆయన కోలుకున్నారు. చికిత్స గురించి ఇంతకంటే చెప్పడానికి నాకు అర్హత లేదు, అది వార్డు వైద్యుని కృషి.

అగరవత్తి

సిబ్బందిని కూర్చోబెట్టి ఒక్కొక్కరి పనిని గంటల వారీగా రాసుకున్నాను. "సీసా నుంచి ప్లేటు మీదకి తీసింది లామినార్‌లోనే కదా మేడమ్, అందులో భయం లేదు" అని టెక్నీషియన్ ధైర్యంగా చెప్పారు. మా దగ్గర ఉన్నది అడ్డంగా గాలి వీచే లామినార్ ఫ్లో బల్ల. నేను చేరకముందు కొన్నది. ఇదీ, క్రిముల పనికి వాడే బయోసేఫ్టీ క్యాబినెట్టూ రెండూ ఒకటేనని అమ్మినవారు చెప్పారట. రెండూ ఒకటి కావు. లామినార్ బల్ల వెనుక నుంచి శుద్ధమైన గాలిని ముందుకు, అంటే పనిచేసేవారి వైపుకు, వీస్తుంది. కల్చర్ మీడియా కలుషితం కాకుండా కాపాడటం దాని పని. రెండో తరగతి బయోసేఫ్టీ క్యాబినెట్ ముందు భాగం నుంచి గాలిని లోపలికి లాగి, క్రిములను పట్టి ఆపే హెపా ఫిల్టర్ గుండా పంపి వదులుతుంది. నమూనాను, మనిషిని, గదిని మూడింటినీ కాపాడుతుంది.

చెబితే నమ్మరనిపించి అగరవత్తి వెలిగించి లామినార్ లోపల పట్టుకున్నాను. పొగ తిన్నగా వచ్చి టెక్నీషియన్ కళ్లలో పడింది. ఆయన వెనక్కి జరిగారు, చాలాసేపు మాట్లాడలేదు. గుమ్మం దగ్గర నిలబడిన అటెండర్ మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఆ గాలి మొకం మీదకే వస్తాది గదా మేడమ్. ఎండల్లో సల్లగుంటాదని నాను దాని ముందలే నిలబడతాను" అంది. మాకు తెలియనిది ఆమెకు ఏళ్ల తరబడి తెలుసు. ఎవరూ అడగలేదు.

ఆ రోజు నుంచి లామినార్ మీద 'మీడియా తయారీకి మాత్రమే' అని తెలుగు, ఒడియా అక్షరాల్లో రాసి అంటించాం. క్యాబినెట్ మంజూరై రావడానికి చాలా నెలలు పట్టింది. ఆ లోపు ఏం చేయాలన్నదే చిన్న ప్రయోగశాలల అసలు సమస్య. క్యాబినెట్ కొనమని చెప్పడం తేలిక. మేము చేసినది ఇంతే. బ్లడ్ కల్చర్‌లో ఆక్సిడేజ్ పాజిటివ్ గ్రామ్ నెగటివ్ కడ్డీలు కనిపిస్తే అక్కడితో పని ఆపి, ప్లేటుకు టేపు వేసి, నాకు చెప్పాలి. వోర్టెక్స్ బదులు గొట్టం గోడకు లూపుతో నెమ్మదిగా రాసి కలపాలి. ఎక్కడైనా గొట్టం తిప్పక తప్పకపోతే తిప్పాక ఐదు నిమిషాలు నిలవ ఉంచి మూత తీయాలి. కల్చర్ పని జరిగే వేళ ఫ్యాను ఆపి తలుపు మూయాలి; ఈ ఒక్క నియమానికి మే నెలలో ఎంత వ్యతిరేకత వచ్చిందో చెప్పనక్కర్లేదు. తర్వాత క్యాబినెట్ వచ్చినప్పుడు కూడా దాన్ని ఫ్యాను కింద బిగించబోయారు. ఫ్యాను గాలి ముందుభాగపు గాలితెరను చెదరగొడితే క్యాబినెట్ ఉన్నా లేనట్టేనని గోడ వైపుకు మార్పించాం.

2020 చివర్లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయోగశాల జీవభద్రతా పుస్తకపు నాలుగో కూర్పు, క్రిమికి వర్గం కేటాయించి దాన్నిబట్టి గదికి భద్రతా మట్టం నిర్ణయించే పాత పద్ధతి కంటే, చేసే పనినిబట్టి ప్రమాదాన్ని అంచనా వేయడానికే ప్రాముఖ్యం ఇచ్చింది. మా అనుభవం దాన్నే బలపరుస్తుంది. మాకు క్రిమి పేరు నాలుగో రోజు తెలిసింది. అప్పటికి తుంపర లేవడం, వాసన చూడడం, తుడవడం, పారబోయడం అన్నీ అయిపోయాయి. పేరు తెలిశాక తీసుకునే జాగ్రత్త మొదటి మూడు రోజులకు పనికిరాదు.

ఇరవై ఒక్క రోజులు

టెక్నీషియన్‌కు ప్రమాదం ఎక్కువని నిర్ణయించాను. తుంపర లేచినప్పుడు గొట్టం ఆయన చేతిలోనే ఉంది. పైగా ఆయనకూ చక్కెర వ్యాధి ఉంది. ఆ జబ్బుంటే తక్కువ ప్రమాదమున్న సంపర్కానికి కూడా ముందుజాగ్రత్త మందు ఇవ్వడమే మంచిది. శిక్షణార్థి అప్పుడు అదే బల్ల దగ్గర, చేయి చాపే దూరంలో ఉంది. ఇద్దరికీ 21 రోజుల కో-ట్రైమోక్సజోల్ మొదలుపెట్టాం. 60 కిలోలు దాటిన ఆయనకు 160/800 మి.గ్రా. మాత్రలు రెండేసి చొప్పున పూటకు, రోజుకు రెండు పూటలు. ఆమెకు బరువునుబట్టి తగ్గించి ఇచ్చాం. ఈ నియమం మనుషుల మీద పరీక్షించి నిరూపించినది కాదు. జంతు ప్రయోగాల మీద, నిపుణుల అభిప్రాయం మీద ఆధారపడినది. ఆ మాట వాళ్లకు చెప్పే ఇచ్చాం. తొమ్మిదో రోజు అమ్మాయికి ఒంటి మీద దద్దురు లేచింది, డాక్సిసైక్లిన్‌కు మార్చాం.

అటెండర్ విషయం నేను దాదాపు పొరబడ్డాను. ఆమె ప్లేట్లు ముట్టలేదని వదిలేయబోయాను. కానీ బల్ల తుడిచింది ఆమె, వాడిన గొట్టాల డబ్బా మోసింది ఆమె, గొట్టాల్లోని నీటిని సింకులో పారబోసింది ఆమె. మందు ఇవ్వాలనుకున్నాక కో-ట్రైమోక్సజోల్ రాయబోయి ఆగాను. దక్షిణ ఒడిశా ఆదివాసీ సముదాయాల్లో ఎర్రకణాలను కాపాడే జి-6-పి-డి అనే ఎంజైము లోపం అరుదు కాదు. ఆ లోపం ఉన్నవారిలో కో-ట్రైమోక్సజోల్‌లోని సల్ఫా మందు ఎర్రకణాలను చిదిమివేయగలదు. పరీక్ష చేయిస్తే లోపం ఉందనే తేలింది. ఆమెకు మొదటి నుంచీ డాక్సిసైక్లిన్ ఇచ్చాం. ఈ సరిహద్దులో పనిచేసే ప్రయోగశాలలు సిబ్బంది ఆరోగ్య పత్రంలో రక్త వర్గంతో పాటు ఈ పరీక్షను ముందే చేయించి ఉంచుకోవాలని నా అభిప్రాయం. ప్రమాదం జరిగిన సాయంత్రం చేయించాల్సిన పరీక్ష కాదు అది.

ముగ్గురూ రోజుకు రెండుసార్లు జ్వరం చూసుకుని గోడ మీది కాగితంలో రాశారు. రక్తంలో యాంటీబాడీల పరీక్షకు మొదటి రోజే నమూనా తీసి దాచాం. తర్వాతి ఫలితాలను పోల్చడానికి అది తప్పనిసరి, ఎందుకంటే వరి పొలాల మధ్య పెరిగినవారిలో పాత యాంటీబాడీలు ముందే ఉండవచ్చు. జబ్బు మనిషి నుంచి మనిషికి సోకడం అత్యంత అరుదని చెప్పాక గాని టెక్నీషియన్ తన మనవడిని ఎత్తుకోలేదు. ఇరవై ఒక్క రోజులూ గడిచాయి, ఎవరికీ జ్వరం రాలేదు. యుద్ధ ఖైదీగా ఆగ్నేయాసియాలో సోకిన ఒక వ్యక్తికి 62 ఏళ్ల తర్వాత జబ్బు బయటపడిన కేసు వైద్య సాహిత్యంలో ఉంది. అందుచేత ముగ్గురి ఆరోగ్య పత్రాల మీదా ఈ సంపర్కం ఎర్ర సిరాతో శాశ్వతంగా రాసి ఉంది.

పారేయడం, పంపడం, దాచడం

చెత్త సంగతి తవ్వితే మరో రెండు లోపాలు బయటపడ్డాయి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం కల్చర్ ప్లేట్లను చెత్త బండికి ఇచ్చే ముందు ప్రయోగశాలలోనే నిర్వీర్యం చేయాలి. ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి ఆవిరి పాత్రలో, 121 డిగ్రీల వద్ద కనీసం 60 నిమిషాలు. మావాళ్లు 20 నిమిషాలు పెడుతున్నారు, అదీ సంచిని కూరి కూరి నింపి. వేడికి తేలిగ్గా చావని బాక్టీరియా బీజాలున్న పరీక్ష కాగితం (స్పోర్ స్ట్రిప్) పెట్టి చూస్తే సంచి నడిమి స్ట్రిప్‌లో బాక్టీరియా మొలిచింది. రెండో లోపం, హైపోక్లోరైట్ డ్రమ్ము కిటికీ పక్కన ఎండలో ఉండటం. ఎండకు దాని బలం పోతుంది. 5 శాతం ద్రావణం ఒక పాలుకు నీళ్లు నాలుగు పాళ్లు కలిపి ఏ రోజుకారోజు 1 శాతంగా తయారు చేయడం మొదలుపెట్టాం. ఈ బాక్టీరియా డిస్టిల్డ్ వాటర్‌లో 16 ఏళ్లు బతికిన దాఖలా ఉందని చెప్పినప్పుడు మా అటెండర్ డిస్టిల్డ్ వాటర్ క్యాన్ వైపు చూసిన చూపు నాకు గుర్తుంది.

నిర్ధారణకు కల్చర్‌ను పెద్ద ప్రయోగశాలకు పంపాలి. మా అలవాటు, థర్మాకోల్ డబ్బాలో పెట్టి బరంపురం బస్సు డ్రైవరు చేతికివ్వడం. రోగి రక్తం పంపడం వేరు, పెంచిన కల్చర్ పంపడం వేరు. అంతర్జాతీయ రవాణా నియమాల్లో ఈ క్రిమి కల్చర్ ఎ వర్గంలో, యూఎన్ 2814 సంఖ్య కింద ఉంది. మామూలు రోగి నమూనాలకు వర్తించే యూఎన్ 3373 దీనికి చాలదు. మూత బిగిసిన గొట్టం, దాని చుట్టూ పీల్చే దూది, కారని రెండో డబ్బా, గట్టి బయటి పెట్టె, లోపల జాబితా. ఇలా కట్టి, అవతలి వారికి ముందుగా ఫోను చేసి, ఆసుపత్రి బండిలో మనిషి వెంట పంపాం. ఐదో రోజు పీసీఆర్‌లో నిర్ధారణ అయింది.

అది తెలిశాక మా దగ్గర మిగిలిన కల్చర్‌ను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. శిక్షణకు పనికొస్తుందని దాచమన్నవారు ఉన్నారు. మనుషులను క్రిమి నుంచి కాపాడటం ఒక పని, క్రిమిని అక్కరలేని చేతుల నుంచి కాపాడటం మరొక పని. అమెరికాలో అత్యంత కఠిన నియంత్రణ జాబితాలో ఉంచిన క్రిమిని, మజ్జిగ సీసాలు కూడా పెట్టుకునే తాళం లేని ఫ్రిజ్‌లో ఉంచడం ఈ రెండో పనికి విరుద్ధం. రెండు సంతకాలతో ఆటోక్లేవ్ చేయించాం. మజ్జిగ సీసాలు కూడా ఆ రోజే బయటికెళ్లాయి.

ఫారం

అన్నింటికంటే తక్కువ ఖర్చుతో అయిన మార్పు ఫారం. బ్లడ్ కల్చర్ ఫారం మీద, ఒడియాలోనూ తెలుగులోనూ, మూడు గళ్లు చేర్చాం: చక్కెర వ్యాధి ఉందా, బురదలో పని చేశారా, వారం దాటిన జ్వరమా. సవర మాట్లాడే రోగులకు ఈ మూడు ప్రశ్నలను అడిగే పని మా అటెండర్ తనంతట తానే తీసుకుంది. మూడూ టిక్కు పడిన ఫారంతో వచ్చిన సీసా మీద పసుపు చుక్క పెట్టి, పెరిగినది ఏదైనా సరే మొదటి నుంచీ టేపు కిందే చూస్తాం. మొదట్లో వైద్యులు గళ్లు నింపలేదు. నింపని ఫారాన్ని తిప్పి పంపే అధికారం నాకు లేదు; టెక్నీషియన్ వార్డుకు ఫోను చేసి అడిగి తానే నింపడం మొదలుపెట్టాక, ఫోను విసుగు భరించలేక వాళ్లే నింపసాగారు.

మరుసటి ఏడు జూలైలో మూడు టిక్కులతో ఒక సీసా వచ్చింది. రెండో రోజు కలకబారింది. నేను వెళ్లేసరికి ఫ్యాను ఆగి ఉంది, తలుపు మూసి ఉంది, ప్లేట్ల చుట్టూ టేపు ఉంది, టెక్నీషియన్ క్యాబినెట్ ముందు చెమటలు కారుతూ కూర్చుని ఉన్నారు. రెండు రోజుల తర్వాత అది మెలియాయిడోసిస్ కాదు, క్లెబ్సియెల్లా అనే వేరే బాక్టీరియా అని తేలింది.

"టేపు దండగైపోయింది మేడమ్" అని నవ్వుతూ, స్టాకు రిజిస్టరులో మరో రెండు టేపు చుట్టలకు ఇండెంటు రాశారు.